గాలిపటం తలకిందులు కాకుండా నిలిచేదెలా: రకాలు, కొలతలు, తయారీ

సంక్రాంతికి ముందు హైదరాబాదులోని ధూల్‌పేట, మంగళ్‌హాట్, గుల్జార్ హౌజ్ దుకాణాల్లో కట్టలు కట్టలుగా వేలాడే పతంగులను చూస్తే, రంగులు వేరైనా ఆకారం మాత్రం దాదాపు ఒక్కటేనని తెలుస్తుంది. అందువల్ల మనలో చాలామందికి గాలిపటం అంటే ఆ నాలుగు మూలల కాగితమే. అయితే జపాన్‌లో ఆరు మూలల రొక్కాకు, మలేషియాలో అడుగున నెలవంక ఆకారం ఉండే వావ్ బులాన్, ఆస్ట్రేలియాలో పుట్టిన పెట్టె గాలిపటం, బద్ద అన్నదే లేకుండా గాలి నింపుకొని ఎగిరే గుడ్డ పటం, ఇలా ఎన్నో రకాలున్నాయి. వీటిని అందం కోసం పుట్టిన ఆకారాలుగా చూస్తే తయారీ అర్థం కాదు. గాలికి ఎదురుగా మొహం పెట్టి, తల పైకి ఉంచి, గిరగిరా తిరిగి నేలకు రాలకుండా నిలవడం ఎలా అన్న ఒకే ఒక్క చిక్కుకు ఒక్కో ఆకారం ఒక్కో పరిష్కారం. ఒకటి తోకతో నిలుస్తుంది, ఒకటి వంపుతో నిలుస్తుంది, ఒకటి నిలువు గోడలతో నిలుస్తుంది. చేయబోయే గాలిపటం వీటిలో దేనితో నిలుస్తుందో ముందు తెలుసుకున్నవారికి, ఏ కొలత తప్పితే ఏమవుతుందో కూడా తెలిసిపోతుంది.

మూడు బలాలు, ఒక ముడి

ఎగిరే గాలిపటం మీద మూడు బలాలు పనిచేస్తాయి. ఏటవాలుగా ఉన్న కాగితాన్ని గాలి వెనక్కీ పైకీ నెడుతుంది; బరువు కిందికి లాగుతుంది; దారం మన వైపుకు లాగుతుంది. దారాన్ని వదిలేస్తే గాలిపటం ఎగరదు, గాలితో కొట్టుకుపోతుంది. ఎందుకంటే కాగితాన్ని గాలికి ఏటవాలుగా నిలిపి ఉంచేది దారమే. ఆ వాలు ఎంత ఉండాలో నిర్ణయించేది, గాలిపటం ముందు వైపు రెండు చోట్ల కట్టి ఒక ముడి దగ్గర కలిపే దారం. కోస్తా జిల్లాల్లో పిల్లలు దీన్ని సూత్రం అంటారు, నేనూ ఆ మాటే వాడుతున్నాను. పైనుంచి వచ్చే పోగు పొట్టిదైతే ముడి తల వైపుకు జరుగుతుంది, కాగితం గాలికి మరింత పడుకున్నట్టు నిలిచి లాగుడు తగ్గుతుంది. పై పోగు పొడవైతే కాగితం గాలికి గోడలా అడ్డుపడుతుంది, లాగుడు పెరుగుతుంది గాని పైకి ఎక్కదు. ఎగరని గాలిపటాల్లో ఎక్కువ భాగం బద్దలో లోపం వల్ల కాక ఈ ముడి తప్పు చోట పడడం వల్లనే ఎగరవని నా నమ్మకం.

తోకతో నిలిచేది

అన్నిటికన్నా సులభమైనది, పల్లెల్లో పిల్లలు వార్తాపత్రికతో చేసుకునేది, తోక గాలిపటం. దీనికి బల్లపరుపుగా ఉండే కాగితం, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పుల్లలు చాలు. కొబ్బరి ఈనెలు దొరికితే మంచిదే గాని, ఈనె ఒక కొస లావుగా, మరో కొస సన్నగా ఉంటుంది కనుక అడ్డపుల్లకు రెండు ఈనెలను ఎదురెదురుగా జతచేసి కట్టాలి. లేకపోతే ఒక రెక్క బరువై గాలిపటం ఆ వైపుకే ఒరుగుతుంది.

నిలువు పుల్ల 60 సెంటీమీటర్లు, అడ్డపుల్ల 50 సెంటీమీటర్లు తీసుకొని, తల నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర అడ్డపుల్ల సరిగ్గా మధ్యలో పడేలా దారంతో బిగించాలి. నాలుగు కొసలకు చిన్న గంట్లు పెట్టి, వాటి చుట్టూ ఒక దారాన్ని తిప్పి కడితే చట్రం సిద్ధమవుతుంది. దానికన్నా అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు ఎక్కువగా కాగితం కత్తిరించి, ఆ అంచును దారం మీదుగా మడిచి, ఉడికించిన మైదా బంకతో అతికించాలి. మెతుకులతో అతికించినా పట్టుకుంటుంది గాని, ఆరాక అక్కడక్కడ గట్టిపడి బరువు ఒకే చోట పోగవుతుంది.

సూత్రానికి రెండు పుల్లలు కలిసే చోట ఒక కొస, నిలువు పుల్ల అడుగు నుంచి 10 సెంటీమీటర్ల పైన మరో కొస కట్టాలి. పై పోగు 30, కింది పోగు 45 సెంటీమీటర్లు ఉంటే ముడి అడ్డపుల్లకు దాదాపు ఎదురుగా, రవ్వంత కిందుగా నిలుస్తుంది. ఇక మిగిలింది తోక. గాలిపటం నిలువు పొడవుకు ఐదారు రెట్లు, అంటే ఈ కొలతకు మూడు నుంచి మూడున్నర మీటర్లు కావాలి. తోక బరువు కోసమని అనుకొని చివర రాయి కట్టేవారిని చూశాను, అది తప్పు. తోక పని గాలిని పట్టడం. వెనక నుంచి గాలి దాన్ని ఎంతగా లాగితే, పైన తల అంత నిటారుగా నిలుస్తుంది. కనుక సన్నని దారానికి జానెడు దూరాన ఒక్కో పాత గుడ్డ పేలికను ముడివేస్తే, తక్కువ బరువుతో ఎక్కువ పట్టు దొరుకుతుంది. గాలిపటం గిరికీలు కొడుతుంటే తోక పెంచండి, నిలిచినా పైకి ఎక్కలేకపోతుంటే కొంచెం తెంచండి.

పతంగి: లాగితే వంగేది, వదిలితే చదునయ్యేది

హైదరాబాదు పతంగికి పొడవాటి తోక లేదు. అడుగున ఉండే చిన్న త్రికోణపు కాగితం నిలకడకు కొంత సాయం చేస్తుంది గాని, దీని అసలు తెలివి అడ్డంగా విల్లులా వంచి పెట్టిన బద్ద, అంటే కమాన్‌లో ఉంది. దారం లాగి బిగువు చేస్తే గాలి ఒత్తిడికి కమాన్ రెండు కొసలూ వెనక్కి వంగుతాయి. అప్పుడు పతంగి పడవ అడుగులా మన వైపుకు ఉబ్బి, తల ఎటు ఉంటే అటు బాణంలా దూసుకుపోతుంది. దారం వదులు చేస్తే కమాన్ తిరిగి చాచుకొని కాగితం బల్లపరుపు అవుతుంది, నిలకడ పోతుంది, పతంగి తన చుట్టూ తాను తిరగడం మొదలుపెడుతుంది. తల మనకు కావలసిన వైపుకు వచ్చిన క్షణాన మళ్లీ లాగితే ఆ దిక్కుకే పరుగు తీస్తుంది. ఒక్క దారంతో ఎడమకూ కుడికీ పైకీ కిందికీ నడపగలగడం, పేంచ్ వేయగలగడం, అంటే ఎదుటివారి దారంతో మెలివేసి తెంపగలగడం, దీనివల్లే. అంటే పతంగి తయారీ అంతా, సరిపడా వంగే కమాన్‌ను చెక్కడంలో ఉంది.

అందుకే ఇక్కడ తొందరపడకూడదు. బాగా ముదిరి ఎండిన వెదురును, కణుపు మధ్యలో పడకుండా ఎంచుకోవాలి. వెదురు బొంగులో బలమంతా పైతొక్కను అంటుకొని ఉన్న నారలో ఉంటుంది, లోపలి దూది వంటి భాగంలో ఉండదు. కనుక చెక్కేటప్పుడు తొక్క వైపును అలాగే ఉంచి, లోపలి వైపు నుంచే తీసివేయాలి. 45 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరపు కాగితం తీసుకుంటే, దాని మూల నుంచి మూలకు సుమారు 64 సెంటీమీటర్లు వస్తుంది. నిలువు బద్ద అంత పొడవు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉండాలి. కమాన్ సుమారు 71 సెంటీమీటర్లు. మధ్యలో మూడు మిల్లీమీటర్ల మందంతో మొదలై రెండు కొసలకు వచ్చేసరికి సగానికి సన్నబడాలి.

కమాన్‌కు రెండు పరీక్షలున్నాయి. మొదటిది, మధ్యలో గుర్తుపెట్టి ఆ గుర్తును చాకు అంచు మీద నిలిపితే అటూ ఇటూ ఒరగకుండా నిలవాలి. రెండోది, రెండు కొసలనూ పట్టుకొని వంచి కాగితం మీద ఆనించి పెన్సిలుతో ఆ వంపును గీసి, తరువాత బద్దను కుడి ఎడమలు మార్చి అదే గీత మీద పెడితే రెండూ సరిగ్గా కలవాలి. కలవని చోట, తక్కువగా వంగే వైపు లోపలి భాగాన్ని గాజు పెంకుతోనో ఉప్పు కాగితంతోనో రవ్వరవ్వగా గీకాలి. తూకం సరిపోయి వంపు సరిపోని కమాన్, నేల మీద ఎంత ముద్దుగా కనిపించినా, పైకెళ్లాక ఎప్పుడూ ఒకే వైపుకు తిరుగుతుంటుంది. ఈ రెండో పరీక్షను వదిలేసేవారే ఎక్కువ, నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

కాగితం పలుచగా, నలిపితే గలగలలాడేలా ఉండాలి. దాన్ని మూల పైకి వచ్చేలా పరిచి, నిలువు బద్దను పై మూల నుంచి అడుగు మూల దాకా బంకతో అతికించి, మీద చిన్న చిన్న కాగితపు పట్టీలు వేయాలి. అది ఆరిన తరువాత కమాన్ ఒక కొసను ఎడమ మూలలో పెట్టి, మూల కాగితాన్ని దాని మీదుగా మడిచి అతికించి, ఆరనిచ్చి, అప్పుడు వంచి రెండో కొసను కుడి మూలకు చేర్చాలి. ఈ కొలతలతో కమాన్ నడిమి భాగం తల నుంచి 18 సెంటీమీటర్ల దగ్గర నిలువు బద్దను దాటుతుంది, దాని వంపు కాగితం పై అంచులను దాదాపు తాకుతూ సాగుతుంది. అంతకన్నా పొడవైన కమాన్ పెడితే వంపు కాగితం దాటి బయటికి వస్తుంది. పొట్టిదైతే కాగితం వదులై రెపరెపలాడుతుంది. అంచుల వెంట సన్నని దారం పెట్టి అర సెంటీమీటరు మడిచి అతికిస్తే చిరుగు దూరం పాకదు. అడుగు మూలకు అరచేతి వెడల్పున రెండు పొరల త్రికోణం అతికించి, దాని రెండు పక్కలా అగ్గిపుల్ల అంత సన్నని వెదురు చీలికలు పెట్టాలి.

పతంగి సూత్రానికి, నిలువు బద్ద, కమాన్ కలిసే చోట నాలుగు చిన్న రంధ్రాలు చేసి దారాన్ని అడ్డదిడ్డంగా రెండింటి మీదుగా తిప్పి కట్టాలి. కింది కొసను అడుగు మూల నుంచి 15 సెంటీమీటర్ల పైన నిలువు బద్దకు రెండు రంధ్రాల్లోంచి కట్టాలి. పై పోగుకన్నా కింది పోగు రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా ఉండేలా ముడి వేసి మొదలుపెట్టండి. గాలి జోరుగా ఉంటే పై పోగును ఇంకొంచెం తగ్గించండి. ముడి దగ్గర పట్టుకొని వేలాడదీసినప్పుడు ఒక రెక్క కిందికి దిగితే, ఎదుటి రెక్క మూలకు గోరంత కాగితం ముక్క అతికించి సరిచేయవచ్చు. అంతకన్నా పెద్ద ముక్క కావలసి వస్తే లోపం కమాన్‌లో ఉన్నట్టే, మళ్లీ చెక్కుకోవడం మేలు.

వంపుతో నిలిచేది

కమాన్ ఒత్తిడికి వంగుతుందిగాని, ముందే వంచి తాడుతో బిగించి పెడితే ఏమవుతుంది? గాలిపటం ఎప్పుడూ నిలకడగానే ఉంటుంది, తిరగదు, పేంచ్‌కు పనికిరాదు, కాని గంటల తరబడి ఒకేచోట నిలుస్తుంది. అమెరికాకు చెందిన విలియం ఎడ్డీ 1890ల్లో మలయ గాలిపటాల స్ఫూర్తితో ఈ రకానికి రూపమిచ్చారు. 1894 ఆగస్టులో బోస్టన్ దగ్గరి బ్లూ హిల్ పరిశీలన కేంద్రం వారు ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాన్ని పైకి పంపింది ఇలాంటి గాలిపటాల వరసతోనే.

దీనికి నిలువు, అడ్డం రెండు బద్దలూ ఒకే పొడవు: 90 సెంటీమీటర్లు అనుకుందాం. అడ్డబద్దను తల నుంచి 18 సెంటీమీటర్ల దగ్గర కట్టి, వెనక వైపు కొస నుంచి కొసకు దారం కట్టి, మధ్యలో తొమ్మిది సెంటీమీటర్ల లోతు వచ్చేదాకా విల్లులా వంచాలి. ఉబ్బెత్తు వైపు మన వైపుకు ఉండాలి. పలుచని గుడ్డనో కాగితాన్నో మరీ బిర్రుగా కాకుండా, నిలువు బద్దకు రెండు వైపులా కొద్దిగా వదులు ఉండేలా కప్పాలి. గాలి ఆ వదులును సమానంగా నింపుతుంది. ఒక రెక్క గాలికి కిందికి ఒరిగితే, ఆ రెక్కే గాలికి మరింత ఎదురుపడి తిరిగి పైకి నెట్టబడుతుంది. తోక చేసే పనిని ఇక్కడ వంపు చేస్తున్నది. సూత్రం పైకొస బద్దలు కలిసే చోట, కిందికొస నిలువు బద్ద అడుగున.

ఆరు మూలల రొక్కాకు కూడా ఈ వంశానిదే. జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో ప్రసిద్ధమైన ఈ రకంలో ఒక నిలువు బద్ద, వంచిన రెండు అడ్డబద్దలు, నాలుగు పోగుల సూత్రం ఉంటాయి. ఎడ్డీ రకం చేతికి వచ్చాక దీన్ని ప్రయత్నించవచ్చు.

పెట్టె గాలిపటం

ఆస్ట్రేలియాలో లారెన్స్ హార్‌గ్రేవ్ 1893లో పెట్టె గాలిపటాన్ని కనిపెట్టి, 1894 నవంబరు 12న స్టాన్‌వెల్ పార్క్ సముద్ర తీరాన నాలుగు పెట్టెలను ఒకే వరసలో కట్టి, వాటితో తానే సుమారు 16 అడుగుల ఎత్తుకు లేచారు. తొలినాటి విమానాల రెండంతస్తుల రెక్కలకు ఈ నిర్మాణం దారిచూపింది. ఇందులో నిలకడ కోసం తోకా వంపూ రెండూ అవసరం లేదు. పక్క గోడలే చుక్కానిలా పనిచేస్తాయి.

ఒక్కొక్కటి 90 సెంటీమీటర్ల బద్దలు నాలుగు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 160 సెంటీమీటర్ల పొడవు ఉన్న గుడ్డ లేదా గట్టి కాగితపు పట్టీలు రెండు తీసుకోండి. పట్టీలను గుండ్రంగా కలిపి కుట్టి, 40 సెంటీమీటర్లకొకటిగా నాలుగు బద్దలనూ రెండు కొసల దగ్గరా వాటికి బిగించి, నడుమ 30 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. లోపల మూల నుంచి మూలకు ఒక్కో పట్టీలో రెండేసి చొప్పున అడ్డబద్దలు పెట్టాలి. లెక్క ప్రకారం మూలల మధ్య దూరం 56 సెంటీమీటర్లు దాటుతుంది గాని, ముందు 58 కోసుకొని, గుడ్డ బిర్రుగా సాగేదాకా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావడం నయం. దారాన్ని ఒక పొడవు బద్దకు, పై పట్టీ అడుగు అంచుకు కాస్త పైన కడితే పెట్టె అంచు మీద నిలిచి ఎగురుతుంది. దీనికి చెట్ల చిన్న కొమ్మలు కదిలేంత గాలి కావాలి, ఆకులు మాత్రమే గలగలలాడే గాలికి లేవదు.

పిల్లలకు, బడులకు

ముప్పై మంది పిల్లలకు ఒక మధ్యాహ్నంలో గాలిపటాలు చేయించాలంటే పైవాటిలో ఏదీ పనికిరాదు. 1950లో అమెరికాలో విలియం అలిసన్ రూపొందించిన స్లెడ్ రకం అందుకు సరైనది. ఇందులో అడ్డబద్ద లేదు, నిలువుగా సమాంతరంగా రెండు పుల్లలు మాత్రమే; గాలే కాగితాన్ని తెరచాపలా తెరుస్తుంది.

అడ్డం 75, నిలువు 60 సెంటీమీటర్ల గట్టి కాగితం మీద, ఎడమ అంచు నుంచి 22.5 దగ్గర ఒకటి, కుడి అంచు నుంచి 22.5 దగ్గర ఒకటి పుల్లలను అతికించాలి. రెండు పక్క అంచుల మీద పైనుంచి 20 సెంటీమీటర్ల దగ్గర గుర్తుపెట్టి, అక్కడి నుంచి పుల్ల పై కొసకు, కింది కొసకు గీతలు గీసి బయటి భాగం కత్తిరించేస్తే రెండు త్రికోణపు చెవులు మిగులుతాయి. ఆ చెవుల కొనలకు టేపు వేసి గట్టిపరచి, రంధ్రం చేసి, ఒక్కోదానికి కనీసం 110 సెంటీమీటర్ల దారం కట్టి చివర సరిగ్గా సమంగా కలపాలి. ఈ దారాలు పొట్టిగా ఉంటే చెవులు లోపలికి ముడుచుకొని గాలిపటం మూతపడుతుంది. కింది భాగంలో పుల్లల మధ్య అరచేతి అంత త్రికోణపు రంధ్రం కోస్తే ఇంకా నిలకడగా ఎగురుతుంది.

బద్దలు లేని పారాఫాయిల్‌ను డోమినా జాల్‌బర్ట్ 1964లో రూపొందించారు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగే పతంగుల పండుగకు విదేశీయులు తెచ్చే భారీ చేపలు, డ్రాగన్‌ల వంటివి గాలి నింపుకొనే ఈ పద్ధతినే అనుసరిస్తాయి. కుట్టుమిషను, సన్నని నైలాను గుడ్డ, చాలా ఓపిక ఉన్నవారికి తప్ప వీటిని ఇంట్లో చేయమని చెప్పలేను.

దారం

ఎంత మంచి గాలిపటానికైనా నూలు దారమే కట్టండి. నైలాన్, ఇతర కృత్రిమ దారాలతో చేసిన మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది; తెగకుండా చెట్లకు, తీగలకు చుట్టుకొని పక్షుల రెక్కలనూ, బండి మీద వెళ్లేవారి మెడలనూ కోసేది అదే. అన్నం గంజిలో గాజు పొడి కలిపి నూలుకు పట్టించే పాత మాంజాకూ నేను దూరంగానే ఉంటాను. ఒరిపిడి చాలినంత ఉంటే సాదా దారం కూడా సాదా దారాన్ని తెంపుతుంది, అప్పుడు గెలుపు నిజంగా చేతి నేర్పుదే అవుతుంది.

మెరుపు కనిపించినప్పుడు, కరెంటు తీగల పక్కన, పిట్టగోడ లేని డాబా మీద, విమానాశ్రయం చుట్టుపక్కల ఎగరేయకండి. 2024 చివరి వరకు అమల్లో ఉన్న 1934 నాటి భారత విమానాల చట్టం విమానం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో గాలిపటాన్ని కూడా చేర్చిందంటే, ఆకాశంలో దాని బాధ్యత చిన్నది కాదు. తీగలకు చిక్కిన పతంగిని కర్రతో తీయబోవద్దు, వదిలేయండి.

మొదటిసారి ఎగరేసేటప్పుడు గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి నిలబడి, ఇరవై అడుగుల దూరంలో తోడు మనిషి చేత పట్టించి, గాలి వచ్చినప్పుడు వదలమనండి, పరుగెత్తనక్కరలేదు. దించేటప్పుడు గాలి బలంగా ఉంటే చరఖాకు (దారం చుట్టే చక్రానికి) చుడుతూ లాగకండి, ఒత్తిడికి కమాన్ విరుగుతుంది. చరఖాను తోడు మనిషికి ఇచ్చి, మీరు దారాన్ని చంక కింద నుంచి పోనిచ్చి గాలిపటం వైపుకు నడుచుకుంటూ వెళ్లండి. అది మెల్లగా దిగి వస్తుంది.